చింతపండు పెట్టి తోమకూడని నాణెం

మా మేనమామది మిర్యాలగూడలో వెండి బంగారం కొట్టు. పోయిన ఎండాకాలం కూతురి దగ్గరికని జర్మనీ వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. మొదటి సాయంత్రమే నేను ఆగలేక నాణేల ట్రే బయటికి తీసి, ఒకటి ఆయన అరచేతిలో పెట్టాను. ఒకవైపు డయొక్లీషియన్ చక్రవర్తి తల, రెండోవైపు గద్ద. ఇప్పటి రూపాయి బిళ్ళంత వెడల్పు, మందం మాత్రం దానికి రెండింతల పైనే. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు, గోటితో గీకాడు, టంగుమంటుందో లేదో చూద్దామని బల్ల మీదికి విసరబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"గిది వెండేనా బిడ్డా?"

"పేరుకి వెండే మామా. లోపల ఉందా లేదా అన్నంతే."

"మరి ఎంత పెట్టినవ్?"

"ఇరవై అయిదు యూరోలు."

మనసులో లెక్క కట్టుకున్నాడు. రెండున్నర వేలు. "రాగిముక్కకా? సరే తీయ్. జర చింతపండు పెట్టి తోము, మెరుస్తదన్నా మెరుస్తది."

నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. చింతపండు పెట్టి ఎందుకు తోమకూడదో చెప్పడం తేలికే. పదిహేడు వందల ఏళ్ళుగా లోహం మీద ఏర్పడిన పొర పోతుంది, దాంతో పాటు అక్షరాల అంచులూ పోతాయి. అసలు ఆ రాగిముక్క నా దగ్గర ఎందుకుండాలి అన్నదే కష్టమైన ప్రశ్న. దానికి నా దగ్గర చాలాకాలం ఒక జవాబు ఉండేది. అది సగమే నిజమని ఈమధ్యే ఒప్పుకున్నాను.

నా దగ్గర అరవైకి పైగా నాణేలున్నాయి. అన్నీ ఒక్క టంకశాలవే, ఈజిప్టులోని అలెగ్జాండ్రియావి. రోమన్ నాణేలు సేకరించేవాళ్ళలో ఎక్కువమంది రోమ్ నగరంలో కొట్టిన వెండి డెనారియస్‌ల వెంట పడతారు. చక్రవర్తి జుట్టు పాయపాయగా కనబడాలి, ముక్కు అరిగి ఉండకూడదు. పైన ప్లాస్టిక్ డబ్బా, దానికి సీలు, దానిమీద గ్రేడు నంబరు. డబ్బా పగలగొట్టకుండా నాణేన్ని చేత్తో ముట్టుకోవడానికి కూడా ఉండదు. నాకది పెళ్ళికి కొన్న పట్టుచీరని కవరు విప్పకుండా బీరువాలో దాచుకోవడంలా అనిపిస్తుంది. వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం. అందం కావాలనుకుంటే మాత్రం అలెగ్జాండ్రియా వైపు రాకండి. ఇక్కడివి బొద్దుగా, నల్లగా, అచ్చు ఒక పక్కకి జరిగిపోయి ఉంటాయి.

నన్ను లాగింది వాటి మీదుండే తేదీ.

క్రీ.పూ. 30లో రోమన్ నాయకుడు ఆక్టేవియన్ చేతికి ఈజిప్టు చిక్కింది. అతను అగస్టస్ పేరుతో చక్రవర్తి అయ్యాక కూడా అక్కడ కంచు నాణేలే కొట్టించాడు. వెండి కలిపిన టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం, తర్వాతి చక్రవర్తి టైబీరియస్ ఏడో ఏట, క్రీ.శ. 20-21లో మళ్ళీ మొదలైంది. అక్కణ్ణుంచి డయొక్లీషియన్ కాలం దాకా, సుమారు 275 ఏళ్ళు నడిచింది. అక్షరాలు లాటిన్‌లో ఉండవు, గ్రీకులో ఉంటాయి. బొమ్మ వైపు రోమన్ చక్రవర్తి, బొరుసు వైపు ఈజిప్టు వాళ్ళకి తెలిసిన ప్రపంచం: సెరాపిస్, ఐసిస్ అనే దేవతలు, నైలు నది దేవుడు, మంచి చేసే పాము అగథోడైమన్, రేవులోని ఫారోస్ దీపస్తంభం. ఇవన్నీ ఒక ఎత్తు. పక్కన ఇంగ్లీషు ఎల్ అక్షరంలాంటి ఒక గుర్తు, దాని తర్వాత ఒకటో రెండో గ్రీకు అక్షరాలు ఉంటాయి. ఆ గుర్తుకి అర్థం 'సంవత్సరం', ఆ అక్షరాలు అంకెలు. అల్ఫా ఒకటి, బీటా రెండు, ఇయోటా పది. ఆ చక్రవర్తి పాలనలో ఎన్నో ఏడో నాణెమే చెబుతుంది. రోమ్ డెనారియస్ మీద ఇంత సూటిగా ఉండదు. బిరుదులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

తొమ్మిదో ఏటికి ఒక తమాషా ఉంది. గ్రీకులో తొమ్మిదికి గుర్తు తీటా. కానీ హేడ్రియన్ తొమ్మిదో ఏటి నాణేల మీద తీటా పెట్టకుండా 'తొమ్మిదో' అనే మాటని అక్షరాలా రాశారు. చావుకి గ్రీకు మాట థానటోస్, అదీ తీటాతోనే మొదలవుతుంది కాబట్టి చక్రవర్తి పేరు పక్కన ఆ అక్షరం పెట్టలేదంటారు. నిండిన బియ్యం డబ్బాని చూపించి 'బియ్యం నిండుకున్నాయి' అనడానికి మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. మాటకి భయపడటం ఎలా ఉంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్నది అసలు సంగతి. అలెగ్జాండ్రియా లెక్కలో కొత్త సంవత్సరం థోత్ నెల ఒకటో తేదీ, మన క్యాలెండర్లో ఆగస్టు 29. చక్రవర్తి గద్దెనెక్కిన రోజు నుంచి రాబోయే ఆగస్టు 28 దాకా ఎన్ని రోజులుంటే అన్నీ 'ఒకటో ఏడు'. అది పదకొండు నెలలు కావచ్చు, పది రోజులు కావచ్చు. ఆగస్టు 29 రాగానే రెండో ఏడు.

ఈ లెక్క పట్టుకుని క్రీ.శ. 69 చూడండి. అంతకుముందు ఏడు జూన్‌లో నీరో చచ్చాడు. గాల్బా వచ్చాడు. అలెగ్జాండ్రియా టంకశాలలో ఆయన ఒకటో ఏడు మూడు నెలలు కూడా నిండలేదు, ఆగస్టు 29 రాగానే రెండో ఏడు మొదలుపెట్టారు. జనవరిలో గాల్బాని రోమ్‌లో నడివీధిలో నరికారు. ఓథో వచ్చాడు, ఏప్రిల్‌లో కత్తితో పొడుచుకున్నాడు. విటెలియస్ వచ్చాడు. వీళ్ళలో ఏ ఒక్కరూ చక్రవర్తిగా ఈజిప్టులో అడుగు పెట్టలేదు. అయినా ముగ్గురి పేరునా అలెగ్జాండ్రియాలో అచ్చులు చెక్కారు. అచ్చు చెక్కేవాడి పరిస్థితి ఊహించుకోండి. రోమ్ నుంచి ఓడ రావాలి, వార్త రావాలి, ముఖం ఎలా ఉంటుందో తెలియాలి. ఒక తల పూర్తి చేసేలోపు అక్కడ ఆ తల తెగిపోయి ఉంటుంది.

అప్పుడు 69 జులై 1న అలెగ్జాండ్రియాలోనే కథ తిరిగింది. ఈజిప్టు గవర్నరు టైబీరియస్ జూలియస్ అలెగ్జాండర్ తన సైన్యం చేత సేనాని వెస్పేషియన్ పేరున చక్రవర్తిగా ప్రమాణం చేయించాడు. ఆ రోజుకి వెస్పేషియన్ యూదయాలో ఉన్నాడు, రోమ్ విటెలియస్ చేతిలో ఉంది. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. అయినా టంకశాల వెస్పేషియన్ ఒకటో ఏటి నాణేలు కొట్టేసింది. జులై 1 నుంచి ఆగస్టు 28 దాకా యాభై తొమ్మిది రోజులు. వెస్పేషియన్ తల పక్కన అల్ఫా ఉన్న టెట్రాడ్రాక్మ్ ఎక్కడ కనబడినా, దాని కథ ఆ యాభై తొమ్మిది రోజులదే. ఓడిపోతే ఆ నాణెం రాజద్రోహానికి సాక్ష్యం. ఇంత కచ్చితంగా, ఇంత ధైర్యంగా మాట్లాడే రోమన్ నాణెం నాకు మరోచోట కనబడలేదు. ముక్కు అరిగిపోతే పోనీండి. ఆ అల్ఫా కనబడితే చాలు.

ఇదంతా మామకి చెబుతుంటే ఆయన ఆవులించాడు. నిజం చెప్పాలి కదా. ఆయనకి ఉత్సాహం పుట్టింది నేను ఈజిప్టు డబ్బు ఈజిప్టులోనే చెల్లేదని చెప్పినప్పుడు. రోమన్ సామ్రాజ్యంలో ఈజిప్టుది ప్రత్యేకమైన ఏర్పాటు. బయటి వెండి లోపల చెలామణీ కాదు, లోపలి టెట్రాడ్రాక్మ్‌ని బయట ఎవరూ తీసుకోరు. రేవులో దిగిన వర్తకుడు తన డబ్బు ఇచ్చి ఇక్కడి డబ్బు తీసుకోవాలి. ఇది రోమన్ల కన్నా ముందు ఈజిప్టునేలిన టాలెమీ రాజుల కాలం నుంచీ ఉన్న పద్ధతే. క్రీ.పూ. 258లో విదేశీ వర్తకుల బంగారు నాణేల్ని కరిగించి మళ్ళీ అచ్చు వేయడం గురించి ఒక అధికారి రాసిన ఉత్తరం పపైరస్ మీద, అంటే ఆనాటి ఈజిప్టు కాగితం మీద, దొరికింది. నీరో కాలానికి పదమూడు గ్రాముల టెట్రాడ్రాక్మ్‌లో వెండి రెండు గ్రాముల చుట్టుపక్కలే ఉండేది. అయినా దాన్ని ఒక డెనారియస్‌తో సమానంగా లెక్కేశారు, డెనారియస్‌లో వెండి అంతకన్నా ఎక్కువున్నా సరే. గోడ కట్టి పెట్టారు కాబట్టే ఆ లెక్క నిలబడింది.

"అంటే హాలీ సిక్కా లెక్క" అన్నాడు మామ వెంటనే.

నిజమే, నాకు తట్టనే లేదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, సరిహద్దు దాటితే బ్రిటిష్ వాళ్ళ కల్దార్. రెండూ రూపాయలే, విలువలో తేడా. ఆరు కల్దార్లకి ఏడు హాలీలు అటూ ఇటూ. వాళ్ళ తాతకి కొట్టు లావాదేవీల్లో ఆ మార్పిడి మీద నాలుగు రాళ్ళు మిగిలేవట. హాలీ సిక్కా 1959 దాకా చెల్లింది. దానిమీద కూడా హిజ్రీ సంవత్సరంతో పాటు నిజాం పాలనలో ఎన్నో ఏడో వేసేవాళ్ళు. మా మామ బజారు భాషలో అలెగ్జాండ్రియా అర్థమైపోయింది. నేను ఆరేళ్ళు చదివింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇప్పుడు నేను చెప్పుకుంటూ వచ్చిన ఆ సగం నిజం. ఏ పాత నాణేన్నయినా భూమిలోంచి తీసి అమ్మేశాక అది ఎక్కడ దొరికిందీ, దేనితో పాటు దొరికిందీ పోతుంది. సేకరించేవాళ్ళ మీద పురావస్తు శాస్త్రవేత్తల కోపం ఇదే, న్యాయమైన కోపం. నేను నాకు నేను ఇలా సర్ది చెప్పుకున్నాను: మిగతా నాణేల సంగతేమో గానీ నావి వేరు. వీటి మీద ఏడుంది. వీటిని ఈజిప్టు దాటనివ్వలేదు కాబట్టి ఎక్కడ దొరికుంటాయో కూడా దాదాపు తెలిసినట్టే. ఊరూ ఏడూ నాణెంలోనే ఉంటే పోయేదేముంది?

పోయేదేమిటో ఒక పార్సిల్ నేర్పింది. నాలుగేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 'శుభ్రం చెయ్యని' టెట్రాడ్రాక్మ్‌లు పద్నాలుగు గుత్తగా కొన్నాను. 'పాత యూరోపియన్ సేకరణ నుంచి' అని రాసి ఉంది. విప్పి చూస్తే అన్నింటికీ ఒకే రంగు మట్టి. రెండు నాణేలు పచ్చగా చిలుము పట్టి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వారం రోజులు డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, అక్షరాలు చదివాను. అన్నీ ప్రోబస్ చక్రవర్తి నుంచి డయొక్లీషియన్ తొలి ఏళ్ళ దాకా, పదేళ్ళకి కాస్త అటూ ఇటూ. ఏ పాత సేకరణలోనూ పెద్దమనిషి రెండు నాణేల్ని మట్టితో అతికించి దాచుకోడు. ఇవి ఒకే కుండలోవి. మన మాటల్లో లంకెబిందె. ఎవరో తవ్వారు, చేతికందినన్ని గుప్పెళ్ళుగా పంచి అమ్మారు, ఒక గుప్పెడు నాకొచ్చింది.

ఆ రాత్రి నా తేదీల లెక్క నాకే ఎదురుతిరిగింది. కుండలో ఆఖరి నాణెం ఏ ఏటిదో తెలిస్తే, ఇంచుమించు ఆ కుండని ఎప్పుడు మూసిపెట్టారో తెలుస్తుంది. ఆ రోజుల్లో ఈజిప్టు కుదురుగా లేదు. 270ల మొదట్లో సిరియాలోని పాల్మైరా సైన్యం దేశాన్ని పట్టుకుంది, ఆరేలియన్ చక్రవర్తి సైన్యం దాన్ని వెళ్ళగొట్టింది. 290లలో డొమీషియస్ డొమీషియానస్ తిరగబడి తన పేరున నాణేలు కొట్టించాడు, వాటితోనే టెట్రాడ్రాక్మ్ కథ ముగిసింది. మధ్యలో ఏ ఊళ్ళో, ఎవరు, దేనికి భయపడి కుండ పాతిపెట్టారో ఆ చివరి ఏడు చెప్పేది. నా దగ్గరున్న పద్నాలుగింట్లో చివరిది డయొక్లీషియన్ నాలుగో ఏడు. కానీ కుండలో వంద ఉన్నాయో వెయ్యి ఉన్నాయో, ఎనిమిదో ఏటిది ఇంకెవరి గుప్పెట్లోకి పోయిందో. ఒక్కో నాణెం మీద తేదీ ఉంది. కుండ తేదీ మాత్రం పోయింది. దాన్ని చెరిపేసినవాళ్ళకి డబ్బిచ్చింది నేను.

ఇక్కడి ఒక మ్యూజియంకి రాశాను, ఇచ్చేస్తానని. ఎక్కడివో తెలియనివి తీసుకోమని మర్యాదగా జవాబొచ్చింది. వాళ్ళదీ తప్పు కాదు. తూకాలు, ఫోటోలు, మట్టి రంగుతో సహా రాసి పెట్టుకున్నాను. ఆ రెంటినీ విడదీయలేదు. ట్రేలో అలాగే ఉన్నాయి, కవల పిల్లల్లా.

ఇదే మాట మన వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మామ ఊరున్న నల్లగొండ జిల్లాలోనే అక్కెనపల్లి ఉంది. అక్కడ 1,500కు పైగా రోమన్ డెనారియస్‌లు ఒక్కచోట దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవి. మన దేశంలో దొరికే రోమన్ వెండిలో ఈ ఇద్దరివే అధికం, అందులోనూ నేటి ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గరి లుగ్డునమ్ టంకశాలలో కొట్టిన రెండు రకాలు. తమాషా చూడండి. మన రేవులకి సరుకుకోసం వచ్చిన వర్తకులు అలెగ్జాండ్రియా మీదుగా, ఎర్ర సముద్రపు రేవుల నుంచి బయల్దేరేవాళ్ళు. రెండో శతాబ్దంలో కేరళ తీరపు రేవు ముజిరిస్ నుంచి వెళ్ళిన హెర్మపొల్లోన్ అనే ఓడ సరుకు విలువ డెబ్భై లక్షల డ్రాక్మాల దగ్గర ఉందని ఒక పపైరస్ చెబుతోంది. లెక్కలు ఈజిప్టు డ్రాక్మాల్లోనే రాశారు. కానీ మన నేలలో తేలినవి ఎక్కడో గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్ వైపు, కొట్టిన డెనారియస్‌లు. అలెగ్జాండ్రియా నాణెం తన గోడ దాటలేదు.

ఈ సంగతి మనకెలా తెలిసింది? అక్కెనపల్లిలో దొరికినవి కలిసికట్టుగా ఉండి, వాటిని లెక్కపెట్టి జాబితా ప్రచురించారు కాబట్టి. ఒక్కో డెనారియస్‌ని ఒక్కో నాణేల సంతలో అమ్ముకుని ఉంటే, అది కూడా 'పాత యూరోపియన్ సేకరణ' అయ్యేది. అప్పుడు తెలుగు నేలకీ లియోన్‌కీ ఉన్న ఆ దారి కనబడేదే కాదు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో టైబీరియస్ నాణేన్ని చూసి మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి, మెడలో వేసుకోవడానికి. నాగార్జునకొండ శాసనంలో ఇక్ష్వాకుల రాణి దానంగా ఇచ్చిన దీనారి మాషకాల లెక్క ఉంది. ఆ దీనారం డెనారియస్ నుంచి వచ్చిన మాటే. వీటన్నింటికీ అర్థం వచ్చేది అవి దొరికిన చోటు తెలిసినందువల్లే.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: "మా నాయన కాలంల ఒకాయన దున్నుతుంటే దొరికినయని చిన్న చిన్న వెండి బిల్లలు తెచ్చిండు. నేను చిన్నగుంటి. నాయన కరిగించి కడియాలు చేసిచ్చిండు."

"ఏ బొమ్మలున్నాయి మామా వాటి మీద?"

"యాదికి లేదు బిడ్డా. గప్పుడెవలు చూసిండ్రు."

1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకి చెప్పాలి. ఎంతమందికి తెలుసు? తెలిసినా ఎంతమంది చెబుతారు? పొలం లాగేసుకుంటారన్న టెన్షన్ ముందుంటుంది. ఆ రైతునీ, మా మామ తండ్రినీ నేను తప్పు పట్టలేను. వాళ్ళకి వెండి కావాలి, వెండి తీసుకున్నారు. తేదీలు చదవడం వచ్చి కూడా మట్టి అంటిన పార్సిల్ కొన్నాను చూడండి, నాది అంతకన్నా పెద్ద తప్పు.

అలాగని సేకరణే పాపమని నేను అనను. కైరోలో జొవాన్నీ దత్తారి అనే ఇటాలియన్ ఉండేవాడు. 1901లో తన అలెగ్జాండ్రియా నాణేల జాబితా అచ్చు వేశాడు, ఆరు వేలకు పైగా. 1923లో పోయాడు. నాణేలు చెల్లాచెదురయ్యాయి. కానీ ఆయన బతికుండగా నాణేల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది బొమ్మలు తీసిపెట్టుకున్నాడు. చిన్నప్పుడు నోటు పుస్తకం కింద రూపాయి బిళ్ళ పెట్టి మనమంతా చేసిన పనే. ఆ పెన్సిల్ కాగితాలు చాలా ఏళ్ళ తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఇవాళ ఏదైనా నాణెం ఆయన ట్రేలోదని రుజువు కావాలంటే ఆ కాగితాలు తిరగేస్తారు. ఏ ప్రభుత్వమో చెబితే చేసిన పని కాదది, పిచ్చి ఉన్న మనిషి ఒంటరిగా చేసింది. కాబట్టి రాసిపెట్టే సేకర్తకీ పోగేసే సేకర్తకీ తేడా ఉందంటాను. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు నడిపే ప్రావిన్షియల్ నాణేల వెబ్‌సైటు ఉచితం. కొనకుండానే చదువుకోవచ్చు, నేను కొన్నవాటికన్నా అక్కడ చదివినవే ఎక్కువ.

ఇప్పుడు నా నియమం ఒక్కటే: ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే పాత చీటీ లేకపోతే కొనను. ఈజిప్టు 1983లో 117వ నంబరు చట్టంతో పురావస్తువుల వ్యాపారం మొత్తం మూసేసింది. అంతకుముందు లైసెన్సు కొట్లుండేవి, కైరో మ్యూజియంలోనే ఒక అమ్మకపు గది ఉండేది. ఆ కాలపు వేలం జాబితాలో ఫోటో కానీ, పాత యజమాని చేత్తో రాసిన కవరు కానీ ఉండాలి. దానివల్ల ఇరవై అయిదు యూరోల నాణెం అరవై అవుతుంది. నాణెం అదే, మిగతా ముప్పై అయిదూ కాగితం ముక్కకి. అమ్మేవాళ్ళలో కొందరు నవ్వుతారు. చీటీలు కూడా దొంగవి పుడతాయంటారు, పుడతాయి. 1983కి ముందు తవ్వినవాడు మాత్రం సత్యహరిశ్చంద్రుడా అంటారు, కాదు. నా నియమం వల్ల పోయిన కుండ తిరిగి రాదు. రేపు తవ్వబోయేవాడికి నా డబ్బు చేరకపోతే చాలు. నా పద్నాలుగు నాణేల ముందు అంతకన్నా పెద్ద మాట అనే అర్హత నాకు లేదు.

వెళ్ళే ముందు రోజు మామ తన సంచీలోంచి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు తీశాడు. ఊరు దాటినా అది వెంట ఉండాల్సిందే. "లెక్కలు నేను రాస్త, నువ్వు సదువు" అన్నాడు. అరవై నాణేలు తూచాం. నా వంటింటి త్రాసు ఇన్నాళ్ళూ ఒక్కోదానికి అర గ్రాము ఎక్కువ చూపిస్తోందని అప్పుడు తేలింది. చీటీలన్నీ మళ్ళీ రాయాల్సొచ్చింది.

వెస్పేషియన్ ఒకటో ఏడు ఆ ట్రేలో లేదు. ఆ యాభై తొమ్మిది రోజుల నాణెం కోసం ఒక గడి ఖాళీగా పెట్టాను. ఇప్పటికి రెండుసార్లు అమ్మకానికి వచ్చింది, ఒకసారి నేను కట్టగలిగిన ధరకే. రెండుసార్లూ చీటీ లేదు.